ఆఖరిదాకా ఆగను

జనవరి 9

పిన్నికి,

ముందుగా నా దస్తూరీనీ, తప్పులనూ క్షమించు. ఏడో తరగతితో ఆగిన చదువు, ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. దానికి తోడు కుడిచేతి చూపుడువేలికి కట్టు ఉంది. పెన్ను మధ్యవేలికీ బొటనవేలికీ మధ్య ఇరికించి రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మీ హాస్టల్ ఫోను మేనేజర్ గారి బల్ల మీద ఉంటుంది, ఇక్కడేమో గోడకు పక్కింటావిడ చెవి ఉంటుంది. నలుగురు వింటుంటే నాకు నోరు పెగలదని నీకు తెలుసు కదా.

వేలికి ఏమైందంటే, దుకాణం వెనక గదిలో ఒక ప్యాంటు పొడవు తగ్గిస్తూ మిషన్ దగ్గరే కునుకు తీశాను. కాలు పెడల్ మీద అలాగే ఉండిపోయింది. సూది గోట్లోంచి దిగి అవతలికి వచ్చింది. పట్టపగలు, పదకొండు గంటలకు! మా ఆయన వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కట్టు కట్టిన డాక్టరు అడిగాడు.

"రాత్రి నిద్ర లేదా అమ్మా?"

"తొమ్మిదింటికే పడుకున్నానండీ."

ఆయన వైపు తిరిగి, "గురక పెడతారా?" అన్నాడు.

"గురకైతే పర్వాలేదండీ. మధ్యలో ఊపిరే ఆగిపోతుంది. తట్టి లేపుతుంటాను" అన్నారు ఆయన. పెళ్ళై రెండేళ్ళైంది, ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. భయపడతానని దాచారట.

రక్తం తీశారు. చక్కెర జబ్బు వచ్చిందట, నాకు, ఇరవై నాలుగేళ్ళకు. పై అంతస్తులో ఉన్న డాక్టరమ్మ దగ్గరకు పంపారు. ఆవిడ నన్ను తూకం ఎక్కించి, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ గురించి చెప్పింది. నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను. ఇప్పటిదాకా బరువు తగ్గడానికి ఏమేం చేశానో, ఏ వయసులో చేశానో జాబితా రాసి తెమ్మంది. చిన్నప్పటివన్నీ చేయించింది నువ్వే కదా పిన్నీ. గుర్తున్నంతవరకు రాసి పంపుతావా?

మేము కొత్త వాటాలోకి మారాం. నాలుగో అంతస్తు. లిఫ్టులు బాగుచేసే మనిషి లిఫ్టు లేని ఇంట్లో కాపురం పెట్టాడని ఆయన స్నేహితులు ఒకటే నవ్వు. మలుపు మలుపుకూ ఆగి, సంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ ఎక్కుతున్నాను.

ఇది చదవగానే కాల్చెయ్యి.

నీ పిచ్చుక

&nbsp;

జనవరి 20

పిచ్చుకా,

నీ ఉత్తరం వంటగదిలో కూరగాయలు తరిగే బల్ల దగ్గర చదివాను. చదివాక చేతిలోని కత్తి పక్కన పెట్టి, నీళ్ళు తాగాల్సి వచ్చింది. నీకేమైనా బుర్ర తిరిగిందా? బతికున్న కడుపును కోయించుకుంటావా?

ఆపరేషన్ అనేది అన్నీ అయిపోయాక, ఇంక ఏ దారీ లేదని తేలాక ఆలోచించేది. ఇరవై నాలుగేళ్ళకే ఆఖరి మార్గమా? ఆ నాలుగంతస్తులూ రోజుకు మూడుసార్లు ఎక్కి దిగు. పొద్దున్న గోరువెచ్చటి నీళ్ళు తాగు. రాత్రి పూట తినడం మానెయ్యి. నా చేతి కింద ఉన్నప్పుడు పన్నెండో ఏట ఆరు కిలోలు తగ్గలేదూ? మళ్ళీ ఎలా పెరిగావో నన్నడిగితే నేనేం చెప్పను? నా కళ్ళు గప్పి తిన్నావు, అంతే.

జాబితా రాయమన్నావు. ఎందుకు? నీ పిన్ని ఏం చేసినా దండగైందని డాక్టరమ్మకు చూపించడానికా? మీ అమ్మ పోయినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవి. నూట అరవై మంది ఆడపిల్లలకు వండుతూ నీకు విడిగా ఉప్పూ నూనే కొలిచి పెట్టాను. ఆ సంగతి కూడా జాబితాలో రాయమంటావా?

ఇంకొకటి. కాల్చెయ్యమని ఎందుకు రాశావు? ఎవరికి భయపడుతున్నావు? ఈ ఆపరేషన్ ఆలోచన నీదేనా, అల్లుడుగారిదా? పెళ్ళిచూపుల్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడా ఆయన, ఇప్పుడు బరువైపోయావా?

ఇక్కడ కొత్త ఆవిరి పొయ్యి తెచ్చారు. ఈలకు పిల్లలు జడుసుకుంటున్నారు. మేనేజరు నాకంటే ఎక్కువ జడుసుకుంటున్నాడు.

జాగ్రత్త.

పిన్ని

&nbsp;

ఫిబ్రవరి 2

పిన్నికి,

వేలు నయమైంది, అక్షరాలు ఇంతకంటే బాగుపడవు. నిన్ను తప్పుపట్టాలని జాబితా అడగలేదు. డాక్టరమ్మకు కాగితం కావాలి, అంతే. నాకు గుర్తున్నవి నేనే రాసుకున్నాను. తొమ్మిదో ఏట మైదానం చుట్టూ పరుగు. పదో ఏట నిమ్మరసం. పన్నెండో ఏట ఉడికించిన కూరలు తప్ప ఏమీ లేవు, ఆరు కిలోలు తగ్గాను, పదమూడో ఏట తొమ్మిది పెరిగాను. నీ కళ్ళు గప్పి ఏమీ తినలేదు పిన్నీ. నువ్వు నమ్మవు.

పెళ్ళయ్యాక కూడా చేశాను. వీధి చివరి వ్యాయామశాలలో అందరికంటే వెనక వరుసలో మూడు నెలలు. మోకాలు వాచింది. పద్నాలుగు కిలోలు తగ్గి, పదహారు పెరిగాను. ఈ రోజు పొద్దున్న నూట ఇరవై మూడు కిలోలు. ఈ అంకె నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నువ్వు ఆఖరి మార్గం అన్నావు కదా, దాని మీదే వారం రోజులు ఆలోచించాను. పోయిన శనివారం దుకాణానికి ఒకావిడ గౌను తెచ్చింది. నడుము ఇరుకు. ఇంట్లో కుట్టు విప్పి కాస్త వదిలిందట. మళ్ళీ ఇరుకైతే మళ్ళీ విప్పిందట. నాలుగుసార్లు. నా దగ్గరకు వచ్చేసరికి అంచంతా సూది చిల్లులే, దారం పెడితే గుడ్డ చిరుగుతోంది. మొదటే తెచ్చి ఉంటే పక్కన ఒక ముక్క వేసి ఇచ్చేదాన్ని. "కత్తెర వరకు ఎందుకు అనుకున్నానమ్మా" అంది ఆవిడ. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. డాక్టరమ్మ కూడా దాదాపు అదే చెప్పింది. "ఇది అందరికీ మొదటి మందు కాదు. కానీ అందరికీ ఆఖరిది కూడా కాదు. మూత్రపిండాలు పాడై, గుండె అలిసిపోయాక వచ్చేవాళ్ళకు నేను చేయగలిగింది తక్కువ" అంది. సులువని చెప్పలేదు. బతికినన్నాళ్ళూ మాత్రలు వేసుకోవాలి, గుప్పెడు తినాలి, తొందరపడితే కక్కుకోవాలి.

మొదట ఆయన వద్దన్నారు. ఇప్పుడు ఆయనే వెళ్ళి తేదీ రాయించుకొచ్చారు. మార్చి పదో తారీకు. ఆయన తట్టీ తట్టీ నా ఎడమ భుజం కమిలిపోయింది, బట్టలు ఉతుకుతుంటే పక్కింటావిడ చూసి నొసలు చిట్లించింది. ఏం చెప్పను ఆవిడకి.

ఈ ఉత్తరం మాత్రం తప్పకుండా కాల్చు. ఆయన కంట పడితే నా పని అయిపోతుంది.

నీ పిచ్చుక

&nbsp;

ఫిబ్రవరి 14

పిచ్చుకా,

ఇంకేమీ రాయకు. నాకు అంతా అర్థమైంది. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, దెబ్బ తగిలితే గోడకు తగిలిందని చెప్పే పిల్లవి.

చేయాల్సింది చేశాను. ఆసుపత్రికి రిజిస్టరు ఉత్తరం పంపాను. నీ మీద చేయి చేసుకుని ఒప్పించారని, మీ అమ్మను పొట్టన పెట్టుకున్నది కత్తేనని, ఆ పిల్ల ఒంటి మీద కత్తి పెడితే ఊరుకోనని రాశాను. రాయించడానికి మేనేజరు సాయం పట్టాడు. మొదటిసారి మనిషిలా ప్రవర్తించాడు.

మంచం కింద పెట్టె సర్దుకుని ఉంచుకో. నా గదిలో రెండో మంచం ఖాళీగానే ఉంది.

ధైర్యంగా ఉండు.

పిన్ని

&nbsp;

మార్చి 1

పిన్నికి,

నమస్కారం రాయాలని లేదు కానీ రాస్తున్నాను.

నీ ఉత్తరం నాకు అందేలోపే ఆసుపత్రికి అందింది. తేదీ రద్దు చేశారు. నిన్న మమ్మల్ని పిలిపించారు. ఆయన్ను బయట బల్ల మీద కూర్చోమని, నన్ను ఒక్కదాన్నే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు. లోపల ఒక కౌన్సెలరమ్మ, డాక్టరమ్మ ఉన్నారు. బల్ల మీద మీ మేనేజరు అందమైన దస్తూరీ.

"ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా?" అంది కౌన్సెలరమ్మ, చాలా మెత్తగా.

నాకు అర్థం కాలేదు. నా భుజం చూపించమంది. చూపించాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పిన్నీ, నా జీవితంలో ముగ్గురి ముందు గట్టిగా మాట్లాడింది లేదు. బడిలో హాజరు పలకడానికే గొంతు వచ్చేది కాదు. నిన్న వచ్చింది.

"అది కొట్టింది కాదండీ. రాత్రి ఊపిరి ఆగితే తట్టి లేపింది. రోజుకు పదిసార్లు. ఆయన నిద్ర పోవడం లేదు, పొద్దున్నే లిఫ్టు గుంటలో దిగి పని చేస్తున్నారు. నాకు ఆపరేషన్ ఎందుకు కావాలో ఎవరూ నేర్పలేదు. నా వేలు చూడండి" అన్నాను. గోరు ఇంకా నల్లగానే ఉంది.

"మరి భర్త చూస్తే నా పని అయిపోతుందని రాశారట?"

అప్పుడు చచ్చేంత సిగ్గేసింది. చెప్పక తప్పలేదు. పెళ్ళికి ముందు నీ బరువెంత అని ఆయన అడిగితే నూట పన్నెండు అని చెప్పాను పిన్నీ. అప్పటి నుంచీ ఎంత పెరిగినా తగ్గినా నూట పన్నెండే. మొదటిసారి ఆసుపత్రిలో తూకం ఎక్కినప్పుడు కూడా ఆయన్ను తలుపవతలే నిలబెట్టాను. మొదటి ఉత్తరం సిగ్గుతో కాల్చమన్నాను, రెండోది నీకు రాసిన అంకె ఆయన కంట పడకూడదని. అంతే. నువ్వేమో ఆయన్ను రాక్షసుణ్ణి చేసేశావు.

కౌన్సెలరమ్మ ఆయన్ను లోపలికి పిలిచింది. రెండు గంటలు బయట కూర్చున్న మనిషి, మొహం వాడిపోయింది. బల్ల దగ్గర నిలబడి నేనే చెప్పాను. "నేను మీకు అబద్ధం చెప్పాను. నూట పన్నెండు కాదు, నూట ఇరవై మూడు."

ఆయన నవ్వారు. ఆ గదిలో నవ్వొచ్చో లేదో చూసుకోకుండా నవ్వారు.

"నాకు తెలుసు. పోయిన ఏడాది ఆ కొత్త భవనంలో లిఫ్టు చూపిస్తానని తీసుకెళ్ళలేదూ? పెట్టెలో బరువెంతుందో నా మీటరులో పడుతుంది. నా బరువు తీసేశాను, నా పనిముట్ల సంచి తీసేశాను. మిగిలింది నువ్వే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు నూట పన్నెండు అన్నావుగా. పోనీలే అనుకున్నా."

డాక్టరమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నవ్వు దాచుకుందనుకుంటాను.

వాళ్ళు మళ్ళీ తేదీ ఇస్తామన్నారు, మార్చి ముప్పై. కానీ ఒకటి అడిగారు. "మీ అమ్మగారు ఆపరేషన్‌లో పోయారా? మత్తుమందు పడలేదా? ఇది మాకు తెలియాలి." అమ్మ చక్కెర జబ్బుతో పోయిందని కదా నువ్వు పదహారేళ్ళుగా చెప్పింది? నా తల్లి ఎలా చనిపోయిందో ఆసుపత్రివాళ్ళకు చెప్పావు, నాకు చెప్పలేదు.

నిజం రాయి. ఎలా జరిగిందో, ఏం చేశారో, అన్నీ రాయి. నాకు కావాలి, డాక్టరమ్మకూ కావాలి.

ఈ ఉత్తరం కాల్చనక్కర్లేదు. మీ మేనేజరుకు కూడా చదివి వినిపించు, నా రాతలో తప్పులు దిద్దుతాడు. నూట ఇరవై మూడు. కావాలంటే హాస్టల్ గోడ మీద రాయించు.

నీ కూతురు లాంటి దాన్నని నువ్వే అంటావు కదా, ఆ కూతురు

&nbsp;

మార్చి 12

పిచ్చుకా,

పది రోజులు పట్టింది ఈ ఉత్తరానికి. నాలుగు కాగితాలు పారేశాను.

అల్లుడుగారికి నా తరఫున క్షమాపణ చెప్పు. కాదు, నువ్వు చెప్పకు. వేరే కాగితం మీద ఆయనకే రాశాను, ఇందులోనే ఉంది. చదువుతూ నవ్వితే నవ్వనీ.

మీ అమ్మ సంగతి. అక్కకు పిత్తాశయంలో రాళ్ళు. ముప్పై ఒకటో ఏట మొదటిసారి నొప్పి వచ్చింది. డాక్టరు చూసి, ఇప్పుడే తీసేద్దాం, చిన్న పని, మనిషి ఒళ్ళు పెద్దదైనా ఇంకా గట్టిగా ఉంది అన్నాడు. అక్క సరే అంది. నేనే వద్దన్నాను. కత్తి ఆఖరి మార్గం అన్నాను. అప్పుడు కూడా ఈ మాటే. కషాయాలు కాచాను. ఎవరో చెప్పిన ఆకులు నూరాను. నొప్పి తగ్గితే నా కషాయం గొప్ప అన్నాను, తిరగబెడితే అక్కే నోరు కట్టుకోలేదన్నాను. రెండేళ్ళు ఇలాగే. ఆ రెండేళ్ళలో చక్కెర పెరిగింది, కాళ్ళు వాచాయి. ఆ తర్వాత ఒకరోజు లోపలే పగిలింది. అప్పుడు తీసుకెళ్ళాం. అదే డాక్టరు. నా వైపు ఒకసారి చూసి అక్కను లోపలికి తీసుకెళ్ళాడు. ఆపరేషన్ అయిన రెండో రోజు పోయింది. మత్తుమందు వల్ల కాదని కాగితం మీద రాసి ఉంది, ఆ కాగితం నకలు తెప్పించి పంపుతున్నాను. డాక్టరమ్మకు ఇవ్వు.

చిన్నపిల్లవని నీకు చక్కెర జబ్బన్నాను, మిగతా అందరికీ కత్తి చంపిందని చెప్పాను. అలా అనకపోతే ఇంకెవరు చంపినట్టు?

నువ్వు అడిగిన జాబితా కూడా పంపుతున్నాను. నీ జాబితాలో లేనివి మూడున్నాయి. పద్నాలుగో ఏట నీకు తెలియకుండా పాలలో కలిపిన పొడి. పదిహేనో ఏట ఎనిమిది రోజులు నీళ్ళ మీద ఉంచడం, నువ్వు మెట్ల మీద పడిపోయింది అప్పుడే. పదకొండో ఏట అలమరకు తాళం. అది వైద్యం కాదని తెలుసు. అయినా రాశాను.

ఇంత రాశాను కదా అని నేను మారిపోయాననుకోకు. నాకు ఇప్పటికీ భయమే. ఆ ఆపరేషన్ గది తలుపు మూసుకుంటుంటే బయట నిలబడటం నా వల్ల కాదు. నేను రాను. తిట్టుకో.

పిన్ని

&nbsp;

మార్చి 29

పిన్నికి,

ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను, బల్ల లేదు, తొడ మీద అట్ట పెట్టుకున్నాను. గీతలు వంకరగా ఉంటే తప్పు నాది కాదు.

కాగితాలన్నీ డాక్టరమ్మకు ఇచ్చాను. నీ జాబితా చదివి, తాళం దగ్గర ఆగి, "ఇది రాసినావిడ నిజాయితీ గల మనిషి" అంది. నీకు చెప్పమనలేదు, నేనే చెప్తున్నాను. నీ క్షమాపణ ఆయన రెండుసార్లు చదివి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నవ్వలేదు.

రెండు వారాలుగా పల్చటి ద్రవాల మీదే ఉన్నాను. మొదటి మూడు రోజులు పక్కింటి గోడలోంచి వంట వాసన వస్తే ఏడ్చాను. సులువైన దారి ఎంచుకుందని దుకాణం యజమాని అందరి ముందూ అన్నాడు. గొంతు వచ్చింది కదా, ఇక దాన్ని వదల్లేదు. "సులువైతే ఏమండీ? మీకు కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించడం సులువా? మరి పెట్టుకున్నారేం?" అన్నాను. మిగతా కుట్టుపనివాళ్ళు తల ఎత్తకుండా నవ్వారు. యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకుని వెళ్ళిపోయాడు. నెల సెలవు మాత్రం ఇచ్చాడు.

పక్క మంచం మీద ఒకావిడ ఉంది, బస్సు నడిపేదట, యాభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళ కిందటే ఈ ఆపరేషన్ చేయించుకోమన్నారట. అన్నీ అయ్యాక చూద్దాం అనుకుందట. ఇప్పుడు మూత్రపిండాలు పాడై వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటోంది. ఇప్పుడు ఆమెకు చేయడం కష్టమంటున్నారు, చూద్దామంటున్నారు. "నువ్వు ఎంత తొందరగా వచ్చావో చూశావా, నాకు అసూయగా ఉంది పిల్లా" అంది. అసూయ పడ్డానని మొహం మీదే చెప్పిన మనిషిని మొదటిసారి చూశాను. నాకు ఆవిడ నచ్చింది. ఆవిడ నా పొట్టని చూసి చాలా రకాలుగా ఎగతాళి చేసింది, అవి రాయను.

సరే, అసలు విషయం. నాకు భయం లేదనుకోకు. పొద్దుటి నుంచి చేతులు చల్లగా ఉన్నాయి. నువ్వు రానన్నావు, రావద్దు. నీకు చేతకాదని నాకు తెలుసు, దానికి తిట్టుకోను. కానీ నీకు ఒక పని చెప్తాను, ఇది బతిమాలడం కాదు.

నేను రేపు పోతే నీకు ఒక మాట సిద్ధంగా దొరుకుతుంది. చూశారా, కత్తి చంపింది అంటావు. ఆ మాట అనకు. పదహారేళ్ళు అమ్మ మీద ఆ మాట కప్పి ఉంచావు, నా మీద కప్పనివ్వను. నేను బతికి బరువు సగమైతే, మా పిల్లను కత్తే కాపాడిందని మీ హాస్టల్ పిల్లలందరికీ చెప్పి తిప్పుతావు. అదీ అనకు. ఎవరికి ఏది సరైనదో వాళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని వాళ్ళే తేల్చుకుంటారు. అడిగినవాళ్ళకు ఒక్కటే చెప్పు. మా పిల్ల ఆఖరిదాకా ఆగలేదు, ఒంట్లో బలం ఉండగానే వెళ్ళింది, తనకు తానుగా వెళ్ళింది.

మీ వంటగదిలో లావుగా ఉన్న పిల్ల ఎవరైనా గిన్నె పట్టుకుని వరుసలో నిలబడితే, ఆ పిల్ల మొహం వైపు చూసి వడ్డించు. గరిటె వైపు చూడకు. నువ్వు నా మొహం చూడటం మానేసి గరిటె చూడటం మొదలుపెట్టిన రోజు నాకు తెలుసు పిన్నీ. తొమ్మిదేళ్ళు నాకు అప్పుడు.

ఇది నీ మీద కోపంతో రాయలేదు. కొంచెం కోపంతోనే రాశాను.

నీ పిచ్చుక

మార్చి 30, పొద్దున. ఉత్తరం ఆయన పోస్టు చేస్తారు. ఇప్పుడే చక్రాల కుర్చీ తెచ్చారు. నడిచి వస్తానన్నాను. కుర్చీలోనే తీసుకెళ్ళాలమ్మా, రూలు అన్నాడు తోసే అతను. అయితే ఆ తలుపు దాకా కుర్చీని ఖాళీగా తోసుకురా, అక్కడ కూర్చుంటాను అన్నాను. నర్సు వైపు చూశాడు. నర్సు నా వైపు చూసింది. నేను దిగి చెప్పులు వేసుకుంటున్నాను.